స్టాంపులు అంటించే అమ్మాయి

మార్చి 3
పేపర్ అచ్చయింది. నాకు రీసెర్చ్ నేర్పిన మాస్టారి పేరు ముందు, నా పేరు వెనక. వానపాముల మీద మేమిద్దరం రాసిన ఆఖరిది. ఫోన్ చేస్తే, ఏదీ చూడనీ అన్నారు. తీరా తెరిస్తే, చదవాలంటే డబ్బు కట్టమంటోంది జర్నల్. రాసినవాళ్ళం మేము! ఒళ్ళు మండిపోయింది.

మార్చి 5
మా కాలేజీ లైబ్రేరియన్‌ని పట్టుకున్నాను. ఫీజు కడితే జర్నల్ వాళ్ళే అందరికీ తెరుస్తారట. ఆ ఫీజు వింటే కళ్ళు తిరిగాయి. లేదంటే మా డ్రాఫ్ట్‌ని కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు. ఉచితమే, కానీ జర్నల్ షరతు ప్రకారం ఏడాదిపాటు తాళం, ఎవరూ తెరవలేరు. ఈలోగా కావలసినవాళ్ళు బటన్ నొక్కితే రచయితకి మెయిల్ వస్తుంది, ఆ రచయిత కాపీ పంపొచ్చు.

ఎవరి మెయిల్ పెట్టమంటారని అడిగింది. మాస్టారిది ఇచ్చాను. రిటైరయ్యాక పాపం ఆయన్నెవరూ ఏమీ అడగడం లేదు.

మార్చి 19, సాయంత్రం
మొదటి మెయిల్ వచ్చింది! మాస్టారు ఫోన్‌లో ఉక్కిరిబిక్కిరి. ఎక్కడో తోటలు పెంచే ఆవిడ అడిగిందట. అప్పుడే పంపేశారట కూడా.

నాకు మా పాత ల్యాబ్ గుర్తొచ్చింది. అప్పట్లో పోస్టుకార్డులు వచ్చేవి, అయ్యా మీ పేపర్ ఒక ప్రతి పంపగలరు అని. కార్డు వచ్చిన రోజే కవరు పోస్టులో పడాలి. అది మాస్టారి పట్టు. ఆయన అడ్రస్ రాస్తే నేను స్టాంపులు అంటించేదాన్ని, ఎందుకంటే ఆయన అంటిస్తే అన్నీ వంకరే. ఫార్మలిన్ కంపులో కూర్చుని టీ తాగుతూ ఎంత నవ్వుకునేవాళ్ళమో! ఎంత బాగుండేవి ఆ రోజులు.

ఫోన్ పెట్టేసేముందు, ఒకసారి ఇంటికి రమ్మన్నారు మాస్టారు. రెండు బస్సులు మారాలి. పరీక్షలయ్యాక చూస్తానన్నాను.

జూలై 8
మాస్టారి కోడలు ఫోన్. మామయ్యగారు ఒంటివేలితో జవాబులు కొడుతూ అన్నం చల్లార్చేస్తున్నారని ఫిర్యాదు. గొంతులో మాత్రం సంతోషమే.

ఫిబ్రవరి 24
వచ్చేవారం తాళం తీస్తారు. ఎవరైనా నేరుగా చదువుకోవచ్చు, బటన్ ఉండదు. మరి మాస్టారికి ఇక మెయిల్స్ ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇంకో ఏడాది అలాగే ఉంచగలరా అని లైబ్రేరియన్‌ని అడిగేశాను. వింతగా చూసింది. ఉచితంగా అందాలని గోల చేసింది నేనే మరి.

ఫిబ్రవరి 25
ఉండబట్టలేక మాస్టారికే ఫోన్ చేసి చెప్పాను. అక్షింతలు పడ్డాయి. తన కాలక్షేపం కోసం లోకాన్ని గుమ్మం బయట నిలబెడతానా అన్నారు. అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఎంతమందో, వాళ్ళ సంగతేమిటన్నారు. ఆ మాట నాకు తట్టనే లేదు.

మార్చి 3
తెరిచేశారు.

మార్చి 20
వందల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారట! మాస్టారు భేష్ అన్నారు. ఇంతకీ ఎవరు వాళ్ళు అని అడిగారు. తెలియదండీ అన్నాను.

తర్వాత కోడలు చెప్పింది. ఇప్పటికీ పొద్దున్నే మెయిల్ తెరుస్తారట. కరెంటు బిల్లు తప్ప ఏమీ ఉండదట. ఏడుపొచ్చింది నాకు.

మార్చి 21
పోస్టాఫీసులో ఇంకా కార్డులు అమ్ముతున్నారు. ఒకటి కొని, అయ్యా మీ వానపాముల పేపర్ ఒక ప్రతి పంపగలరు అని రాసి, కింద నా పేరు పెట్టాను. నీ పేపర్ నువ్వే అడుక్కుంటున్నావా, పిచ్చా నీకు అన్నారు మా ఆయన. అవును, పిచ్చే.

మార్చి 27
కవరు వచ్చింది. స్టాంపు వంకరగానే ఉంది.

ఒక్కరోజు ఆలస్యానికి మన్నించమని లోపల చీటీ. స్టాంపులు అంటించే అమ్మాయి ఈమధ్య రావడం లేదట.