బ్రహ్మకపాలం తర్వాత

మునిచంద్రకు,

హిమాలయాల యాత్ర ముగించుకుని క్షేమంగా పలమనేరు చేరారని నీ భార్య లీలావతి ఫోనులో చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన సరస్సుల ఫొటోలు చూశాను. అభయారణ్యంలో పులి కనిపించలేదని నువ్వు పడిన బాధ కూడా విన్నాను.

బదరీ నుంచి నువ్వు ఫోను చేసి అన్న మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. "అన్నా, పని అయిపోయింది. బ్రహ్మకపాలంలో అమ్మకు పిండం పెట్టేసినా. ఈడ పెడితే ఇంక ఏటేటా తద్దినం పన్లేదని గైడు చెప్పినాడు. నీకూ వంట బాధ తప్పినట్లే."

పెద్దకొడుకును నేను బతికే ఉన్నాను. నన్నొక మాట అడగాలని నీకు తోచలేదు. పొలం పంపకంలోనూ ఇంతే, అంతా అయిపోయాక చెప్పావు. గైడు చెప్పింది శాస్త్రమా కాదా అని వాదించను. నేను చదివిన గ్రంథాల్లోనే దాని మీద రెండు మాటలున్నాయి.

తద్దినానికి ఏటా మీరిద్దరూ తిరుపతి వచ్చేవాళ్లు. పోట్లాడుకునేవాళ్లం, మళ్లీ కూర్చుని వడలు తినేవాళ్లం. మీ వదిన పోయాక ఈ ఇంట్లో రెండో విస్తరి పడేది ఆ ఒక్కరోజే. అది బాధ అని నేనెప్పుడైనా అన్నానా?

వచ్చే నెల అదే యాత్రకు నేనూ వెళ్తున్నాను. పిల్లలు లేనివాళ్లు అక్కడ తమ పిండం తామే పెట్టుకోవచ్చునని, ఫోను చేసి అడిగితే ఆ గైడే చెప్పాడు. పెట్టుకుని వస్తాను. ఆ తర్వాత నాకోసం పలమనేరులో ఎవరూ బస్సెక్కనక్కర్లేదు.

నీ అన్న