తారక్క సంచిలో పెట్టిన ముక్కలు

మేడ్చల్,
12 ఆగస్టు 2004.

ప్రియమైన తారక్కకు,

బాలమణి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఏడేళ్లుగా ఒక్క మాటా రాయనిది ఇప్పుడెందుకు రాస్తోందా అనుకుంటావు. నువ్వు తూప్రాన్‌లో మీ తమ్ముడి ఇంట్లో ఉంటున్నావని పోయిన నెల బస్టాండులో కనబడి మీ మరదలు చెప్పింది. నీ ఆరోగ్యం గురించి అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను, ఎలా ఉన్నావు అక్కా?

మనం పనిచేసిన బట్టల కంపెనీ మూతపడ్డాక నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకున్నాను. దర్జీ దుకాణాల్లో మిగిలిన ముక్కలు తెచ్చి జడకు వేసుకునే బ్యాండ్లు, చిన్న పర్సులు, కళ్లజోళ్లు పెట్టుకునే సంచులు కుడుతున్నాను. సుచిత్ర చౌరస్తా దగ్గర రెండు ఫ్యాన్సీ దుకాణాల వాళ్లు తీసుకుంటున్నారు. ఈ పని నాకు నేర్పింది నువ్వే. ఒకరోజు అన్నాలు తినే వేళ నేల మీద పడిన గుడ్డ పట్టీ ఒకటి తీసి, మడిచి కుట్టి, కొనకు పిన్నీసు గుచ్చి లోపలి నుంచి తిరగేస్తూ, "గిట్ల మెల్లగ గుంజాలె పిల్లా, జల్దీ జేస్తే సినుగుతది" అన్నావు. అది తయారయ్యాక నీ చేత్తో నువ్వే తీసుకెళ్లి ముక్కల డబ్బాలో పడేశావు. కంపెనీ గుడ్డ గేటు దాటకూడదని నీకంత పట్టింపు.

ఇప్పుడు షామీర్‌పేట మహిళా సంఘంలో ఆడపిల్లలకు ఈ పనే నేర్పుతున్నాను. పోయిన వారం సంఘం అధ్యక్షురాలు విజయమ్మ గారు అందరి ముందూ, "పారేసే గుడ్డల్ల గింత పని ఉన్నదని నీకెవలు నేర్పిన్రు బాలమణీ?" అని అడిగింది. నీ పేరు నాలుక దాకా వచ్చింది. "నేనే నేర్సుకున్న" అన్నాను. ఈ ఇరవై తొమ్మిదిన నాకు శాలువా కప్పుతారట. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

అక్కా, ఆ రోజు నీ సంచిలో గులాబీరంగు శాటిన్ ముక్కలు పెట్టింది నేను.

అప్పుడు మా పాప శృతి రెండో తరగతి. బడిలో డాన్సుకు గులాబీరంగు బ్యాండ్లు పెట్టుకుని రావాలన్నారు. కటింగ్ బల్ల కింద అచ్చం అదే రంగు కనబడేసరికి గుప్పెడు ముక్కలు తీసుకున్నాను. గేటు దగ్గర అందరి సంచులూ వెతికేవారు, నీ సంచి మాత్రం ముట్టేవారు కాదు. నీ మీద వాళ్లకు అంత నమ్మకం. అందుకే నీ టిఫిన్ డబ్బా కింద దోపాను. బస్టాపులో నీకు తెలియకుండా తీసేసుకుందామనుకున్నాను. ఆ రోజే కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. నీ సంచి బల్ల మీద బోర్లించాడు.

"ఏందిది తారాబాయీ? ఇన్నేండ్ల సంది కంపెనీ నిన్ను నమ్మితే గిదా నువ్వు జేసేది?"

"నేను దీయలే సార్. ఎట్లొచ్చినయో నాకు దెల్వదు" అన్నావు. తర్వాత మా వైపు తిరిగి, "ఎవలన్న జెప్పుండ్రి. నేను తీసుడు ఎవలన్న జూసిన్రా?" అని అడిగావు. నేను నీకు రెండడుగుల దూరంలో ఉన్నాను. నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. నిన్ను పనిలోంచి తీసేశాక రెండు రోజులు నువ్వు గేటు బయట బతిమాలుకుంటుంటే, కొంగు అడ్డం పెట్టుకుని నీ పక్క నుంచే లోపలికి పోయాను.

మా ఆయన రవీందర్‌కు అప్పుడు పని లేదు. నా పని కూడా పోతుందని భయపడ్డాను. అది నిజమే. కానీ కంపెనీ మూతపడ్డాక ఆ భయం లేదు కదా! అప్పుడూ చెప్పలేదు. అప్పుడు నన్ను ఆపింది సిగ్గు. ఆ సిగ్గుతోనే ఇన్నేళ్లు గడిపేశాను.

శాలువా వద్దననా? అందరిలో నిజం చెప్పనా? నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను. తిట్టడానికైనా ఒక ఉత్తరం రాయి.

నీ ఎదుట నిలబడే ధైర్యం లేని
బాలమణి


తూప్రాన్,
22 ఆగస్టు 2004.

బాలమణికి,

ఆశీస్సులు అని రాసి కొట్టేశాను. మళ్లీ రాస్తున్నాను, ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఎందుకో చెబుతాను.

ఆ ముక్కలు నువ్వు పెట్టావని నాకు ఏనాడూ తట్టలేదు. రోజారాణి పెట్టిందనుకున్నాను. నా పక్క మిషన్ ఆమెదే. ఆ పొద్దున్నే ఇద్దరం దారం రీలు దగ్గర మాటామాటా అనుకున్నాం. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తన కూతురు అశ్రిత పెళ్లికి కార్డు పట్టుకుని వస్తే, "దొంగ చేతి కార్డు నేను ముట్ట" అని వాకిట్లోంచే పంపేశాను. ఆమె ఏడుస్తూ, "ఏం దొంగతనం జేసిన అక్కా?" అని అడిగింది. తలుపు వేసేశాను. ఆమె భర్త భిక్షం పోయాడని కబురు వచ్చినా కదల్లేదు. కనబడిన ప్రతి మనిషికీ ఆమె గురించి చెప్పాను.

మొన్న శుక్రవారం బౌరంపేట పోయాను. ఆమె ఇంటి చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతారు. ఇల్లు గుర్తుపట్టడానికే చాలాసేపు పట్టింది. రోజారాణి అరుగు మీద బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. చేట పక్కన పెట్టింది.

"పిల్ల పెండ్లికి రాకుంటే రాకపోతివి. నా మొగుడు సచ్చిననాడు సుత రాకపోతివి. ఎవలొచ్చినా నువ్వే అనుకొని తలెత్తి జూసిన అక్కా" అంది.

చెయ్యి పట్టుకోబోయాను. "ఇయ్యాల పో" అంది. వచ్చేశాను.

బాలమణీ, ఇదంతా నీ మీదే వేసి నేను తప్పుకోలేను. నా సంచిలో గుడ్డ పెట్టింది నువ్వు. దానికి రోజారాణి పేరు పెట్టింది నేను. నిన్ను క్షమించానా అంటే ఏమో, ఇంకా తెలియదు. అబద్ధం రాయలేను. శాలువా సంగతి నీ ఇష్టం. కానీ ఆ పని ఎవరు నేర్పారో చెప్పు. నేర్పిన మనిషి పని నుంచి ఎందుకు పోయిందో కూడా చెప్పు. రోజారాణికి ఏ పాపమూ తెలియదని అందరికీ వినబడేలా చెప్పు. నేను రాను. నన్ను చూసి నువ్వు మాట మింగేస్తావు.

తారాబాయి


మేడ్చల్,
30 ఆగస్టు 2004.

తారక్కకు నమస్కారాలు.

నిన్న చెప్పేశాను. శాలువా విప్పుతుండగా, "జర ఆగుండ్రమ్మా" అని విజయమ్మ గారిని ఆపి, లేచి నిలబడి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. మధ్యలో ఆగి నీళ్లు తాగి మళ్లీ చెప్పాను. నీ పేరు, రోజారాణి పేరు రెండేసి సార్లు చెప్పాను. ముందు వరుసలో మా శృతి కూర్చుని ఉంది. తన బ్యాండు కోసం జరిగిందని దానికి అప్పటిదాకా తెలియదు. చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ సగం చెప్పి సగం దాచడం ఇక నా వల్ల కాలేదు.

విజయమ్మ గారు శాలువా మడిచి బల్ల మీద పెట్టేసింది. "నీ దగ్గరికి పిల్లలను పంపమంటే వాళ్ల తల్లులకు నేనేం జెప్పాలె?" అంది. ఈ రోజు ఇరవై మందిలో ఏడుగురు వచ్చారు. ఆ ఏడుగురికీ పాఠం చెప్పి వచ్చాను. ఇంటికొచ్చాక శృతి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం నా పక్కనే కూర్చుని తింది.

అసలు సంగతి ఇది. నిన్న అందరూ లేచి పోతుంటే వెనక వరుసలో రోజారాణి కనబడింది. నువ్వు చదివిన నా ఉత్తరంలో తేదీ విని వచ్చిందేమో, ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియదు. నేను కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగింది.

"నాకు దండాలొద్దు. తారక్కకు ఉత్తరం రాయి. వచ్చే ఆదివారం మా ఇంటికి రమ్మను. అన్నం వండి పెట్టుకొని కూసుంట. ఈసారన్న వస్తదో లేదో జూస్త" అంది.

నన్ను రమ్మనలేదు. ఆ కబురు నీకు చేర్చే పని మాత్రం నాకు అప్పజెప్పింది. అందుకే ఆలస్యం చేయకుండా ఈ ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. తప్పకుండా వెళ్లు అక్కా.

నీ
బాలమణి