పానకంతో తగ్గిన వణుకు

శనివారం, రాత్రి

ఆయన పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఇవాళ రాజోలులో ఆడిన కూచిపూడి నాటకంలో మా ఆయనది నరసింహస్వామి వేషం. ఆ వేషం కట్టే మనిషి ఆట అయ్యేదాకా ఏమీ తినకూడదు. ఈయన ఉపవాసం ఉంటూనే పొద్దున్న షుగర్ బిళ్ల వేసుకున్నారు. వద్దంటే వింటేగా!

స్తంభంలోంచి రావడమే వణుకుతూ వచ్చేరు. ఆవేశంలో ఎవరిమీదా పడకుండా వెనకనించి నడుం గుడ్డ పట్టుకున్న ఇద్దరికీ ఆగలేదు. ఒళ్ళంతా చెమట.

"స్వామి పూనేరండీ!" అని ఎవరో కేకేసేరు. జనమంతా లేచి దణ్ణాలు పెట్టేరు. ఆట నడిపించే గురువుగారు హారతి వెలిగించేరు. షుగర్ పడిపోయిందని నాకొక్కదానికే తెలుసు. ఆ గోలలో చెప్పినా వినేదెవరు? నైవేద్యానికి పెట్టిన పానకం చెంబు లాక్కుని, సింహం ముసుగు పైకెత్తి కొంచెం కొంచెంగా తాగించేను. కాసేపటికి వణుకు తగ్గింది.

"పానకంతో శాంతించేడు తండ్రి," అని అత్తయ్యగారు కళ్ళొత్తుకున్నారు.

ఇంటికొచ్చేక ఆయన అడిగేరు: "నాకేమీ గుర్తులేదే. నిజంగా స్వామి వచ్చేరంటావా?"

చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్న ఆ మొహం చూసి కాదనలేకపోయేను. "ఆయ్" అన్నాను.

రేపు అమలాపురంలో ఆట. ఇవాళ మంచినీళ్ళైనా తాగేరు. రేపు అవీ ముట్టరట.