బాలపూజ ఫొటో

శుక్రవారం రాత్రి, మార్కమ్, కెనడా

సవతి కూతురు మేఘనని కొట్టి చంపిన సుధకి ఈరోజు కోర్టు పన్నెండేళ్ళ జైలు వేసింది. ఈ శిక్ష చాలదని, ముక్కూ మొహం తెలియని తెల్లవాళ్ళు కోర్టు ముందు ఏడవడం టీవీలో చూశాను. సుధ మా లలితా పారాయణ గ్రూపు మనిషే. సాయంత్రం వసంత గారింట్లో పారాయణకి వెళ్తూ, మావాళ్ళు ఇంకెంత ఏడుస్తారో అనుకున్నాను.

"పన్నెండేళ్ళా! మనమంతా దెబ్బలు తిని పెరగలేదూ?" అన్నారు వసంత గారు. "అప్పీల్‌లో తగ్గాలని ఇవాళ సుధ పేరు మీద సంకల్పం చెప్పుకుందాం."

అందరూ తలలూపారు.

"మేఘన పేరు కూడా చెప్పుకుందామండీ," అన్నాను మెల్లగా.

"పోయినవాళ్ళ పేరు సంకల్పంలో చెప్పకూడదు పద్మా. నీకు తెలీనిదా?"

తెలుసు. మూడేళ్ళ క్రితం దసరాకి వసంత గారి హాల్లోనే బాలపూజకి మేఘనని అమ్మవారిగా పీట మీద కూర్చోబెట్టాం. నేను కాళ్ళకి పసుపు రాస్తుంటే కితకితలని నవ్వింది. "అమ్మవారు అలా నవ్వకూడదు తల్లీ," అని ముద్దు చేసి, వసంత గారే ఆ కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఆ పిల్ల ఒంటి మీదే కదా ఆ దెబ్బలన్నీ...

ఇవాళ వాళ్ళతో కలిసి ఒక్క నామం కూడా చదవలేకపోయాను. ఈ దేశంలో వీళ్ళే నా అక్కచెల్లెళ్ళనుకున్నాను.

వచ్చే శుక్రవారం పారాయణ మా ఇంట్లో. అమ్మవారి పటం పక్కన, ఆ బాలపూజ రోజు తీసిన, పసుపు కాళ్ళతో నవ్వుతున్న మేఘన ఫొటో పెడతాను. కూర్చోగలిగినవాళ్ళు కూర్చుంటారు.