మ్యాటు కింద గులకరాయి

మామా,

నువ్వు పోయి రెండేళ్లు దాటింది. ఈ తెల్లారి మంచు దట్టంగా పడింది. కాయ రాలకుండా, చెట్లు తడి మీద ఉండగానే శనగ పీకాలని కూలోళ్లు చేలో దిగారు. నేను మాత్రం గట్టు మీదే కూర్చున్నాను.

ఈ రోజు ప్రొద్దుటూరులో మ్యాచ్. గెలిచినవాళ్లు పులివెందులలో ఫైనలు ఆడతారు. మన కొడుకు చిన్నోడు మొదట బ్యాటింగుకు దిగుతాడు. వాడికి బంతి వేసేది జిలాన్. నీ దగ్గర బౌలింగు నేర్చుకుని, నా చేతి సంగటి తిన్న జిలానే. మగ్గాల పనికి ప్రొద్దుటూరు పోయి, ఇప్పుడు ఆ ఊరి జట్టులో ఆడుతున్నాడు.

ఇంగ్లాండు వాళ్లు ఆస్ట్రేలియాకు పోయి, వికెట్లు వదిలేసి మనుషుల మీదికే బంతులేసిన కథ ఎన్నిసార్లు చెప్పావో. లెగ్ సైడు అంతా మనుషులను నిలబెట్టి, పక్కటెముకలకు గురిపెట్టి... తర్వాత రూలు మార్చారని కూడా నువ్వే చెప్పావు. "మన తావుల్లో ఆ రూలు ఎవురు చూస్తాండారు మే? అంపైరు మీ అన్నే గదా!" అని నవ్వేవాడివి.

బంతి పైకి లేవడానికి నువ్వు చేసేది నాకు తెలుసు. మన ఊళ్లో మ్యాచ్ అయితే పిచ్ మీద నార మ్యాటు పరిచేది మనమే. దాని కింద ఒక గులకరాయి ఉంచేవాడివి. తప్పు కదా మామా అంటే, "రాయిని నేనేమన్నా పుట్టిస్తినా? పెన్నేటిది" అనేవాడివి. ఆ రాయి మీద లేచిన బంతికే ప్రొద్దుటూరాయన దవడ విరిగింది. ఆ పూట నువ్వు అన్నం ముట్టలేదు. మళ్లీ రాయి పెట్టలేదు.

కానీ ఆ రాయి మీద మ్యాటు పరిచి మేకులు కొట్టింది జిలానే. వాడు మరిచిపోయి ఉంటాడా?

ఆ దెబ్బ తర్వాతే, వచ్చిన జట్టు చెప్పులు విడిచి మ్యాటు మీద నడిచి చూసుకోవడం మొదలైంది. ఎందుకో ఇప్పటి పిల్లలకు తెలియదు. బూట్లు విప్పరు. జట్టుకంతా ఉన్న ఒక్క హెల్మెటుకు ముందు కమ్మీలు ఊడిపోయాయి.

చిన్నోడికి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే నీ సంగతీ చెప్పాలి. నీ ఫోటోకు దండం పెట్టుకోనిదే బ్యాటు పట్టడు వాడు... ఎట్లా చెప్పేది?

జిలాన్ అట్లాంటి పని చేయడనే అనుకుంటున్నాను. నువ్వు చేస్తావని మాత్రం అప్పుడు అనుకున్నానా?

అందుకే నేనూ పోతున్నాను మామా. నవ్వేవాళ్లు నవ్వనీ. ఆట మొదలుకాక ముందే చెప్పులు విడిచి, ఆ మ్యాటు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాను.

చిన్నోడు ఆరున్నర బస్సుకు పోయాడు. నేను ఏడు గంటల బస్సుకు.