వంటింటి గొంతు

పుణె,
శ్రావణ సోమవారం

ప్రాణంతో సమానమైన ఆయీకి,

ఈ ఉత్తరం నీకే. బాబాకి చదివి వినిపించకు. ఆయనతో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, ఉన్నవి తిట్లే.

మా విశ్వవిద్యాలయం సంగీత గ్రంథాలయానికి బాబా ఇచ్చిన పాత టేపులు గుర్తున్నాయిగా? ఇంట్లో శిష్యులకి పాఠం చెబుతుంటే రికార్డు చేసినవి. వాటిని సీడీల్లోకి ఎక్కించారు. 'పండిత్ దామోదర్ కాగల్కర్ సంగ్రహం' అని నా కన్నతండ్రి పేరు అచ్చేసిన పెట్టెలు, అద్దాల బీరువా, అబ్బో! ఇవాళ పొద్దున ముచ్చటపడి ఒకటి పెట్టుకుని విన్నాను. నాకు కావలసింది బాబా పాట కాదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావలసింది నువ్వు. శిష్యుడు నిషాదం తప్పగానే వంటింట్లో జొన్నరొట్టె, అదే నీ భాకరీ, తడుతూ "అది కాదురా గాడిదా, ఇదీ!" అని ఆ స్వరం పాడి చూపిస్తావే, అది. ఆ పాఠాల్లో సగం పాఠం నీదే.

లేదు ఆయీ. ఒక్కచోట కూడా లేదు. శిష్యుడు తప్పుతాడు, టక్కున ఏదో తెగుతుంది, వెంటనే సరిగ్గా పాడేస్తాడు. వాడికి స్వరం ఆకాశం నుంచి ఊడిపడినట్టు!

నేరుగా మా అధికారి పోతనీస్ గదిలోకి వెళ్లి "మా అమ్మ ఏదండీ?" అన్నాను. ఆయన తాపీగా టీ చప్పరిస్తూ, "గిన్నెల చప్పుళ్లు, కుక్కర్ కూతలు, ఆడవాళ్ల మాటలు తీయించేశామమ్మా. పరిశోధన చేసేవాళ్లకి అడ్డం కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ ఆడవాళ్ల మాటల మీదే చెయ్యాలి పరిశోధన!" అని అరిచాను. బయట చదువుకుంటున్న పిల్లలంతా తలలెత్తి చూశారు. చూడనీ. అప్పుడు చల్లగా అన్నాడు: "నా మీద కేకలేస్తే ఏం లాభం? తీసేయమని మీ నాన్నగారే ఫోన్ చేశారు."

పెళ్లికి ముందు నువ్వు కచేరీలు చేసినదానివి. "ఒక ఇంట్లో రెండు తంబురాలేమిటి, విడ్డూరం" అని నాన్నమ్మ అంటే నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్లావు. నీ పాటలో మిగిలింది ఆ కాసిని అరుపులే. వాటినీ కోయించాడు ఆ మహానుభావుడు! పెళ్లాం దిద్దిందని తెలిస్తే పాండిత్యం కారిపోతుందా? నేను రాజీనామా రాసేశాను, నెలాఖరున ఇచ్చేస్తాను. నిన్ను కోసేసిన ఆ పెట్టెల దుమ్ము దులుపుతూ బతకడం నా వల్ల కాదు. గణపతి పండక్కి కూడా రాను. మోదకాలన్నీ ఆయన్నే కూర్చుని మింగమను.

నీ కడుపున పుట్టినా నీలా నోరు మూసుకోవడం చేతకాని
మృణాల్


మిరజ్,
శనివారం

కోపిష్టి మృణాల్‌కి,

ముందు మీ బాబాకి మనసులోనే దండం పెట్టుకో. ఫోన్ చేసింది ఆయనే, చేయించింది నేను. గరిటె చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి మరీ. "చంపూ, నీ గొంతు తీసేస్తే ఆ పాఠాల్లో ఇంకేముందే, నా దగ్గు తప్ప?" అని మాటిమాటికీ ఫోన్ పెట్టేశారు పాపం.

ఇక నా కోపం విను. నీది నిన్నటి కోపం, నాది నువ్వు పుట్టకముందుది. సంగీత గ్రంథాలయంలో పనిచేస్తున్నావు, నీ చెవులేమయ్యాయే? ఆ టేపుల్లో మోగేది మగవాళ్ల తంబుర, ఒకటిన్నర శ్రుతి. నాది ఐదున్నర. ఆ వెధవలకి స్వరం చూపించాలంటే నేను ఆయన శ్రుతిలోకి దిగాలి, గొంతు కిందికి తొక్కుకుని గొణగాలి. అమ్మ గొంతు అనుకుని నువ్వు పెరిగింది ఆ గొణుగుడు వినే తల్లీ. నా అసలు గొంతు నువ్వు ఏనాడూ వినలేదు. ఆ గొణుగుడుని ఆయన పేరున్న పెట్టెలో పెడితే, రేపు ఎవడో విని "వెనకాల ఎవరో వంటమనిషి" అని రాసుకుపోవాలా? ఆ ముష్టి నాకక్కర్లేదు.

అటకెక్కిన నా తంబుర దింపించాను. దాని సొరబుర్ర పగిలిపోయింది. బాగుచేసే యాసీన్ భాయ్ దగ్గరికి పట్టుకెళితే, "అక్కా, ఇంత మంచి ఆడతంబుర పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్నాడు. "భాకరీలు చేశాను" అన్నాను. నవ్వలేదు ఆయన. కొత్త బుర్ర వేసి, తీగలు బిగించి, తనే మోసుకొచ్చి ఇంట్లో దింపి వెళ్లాడు. తెల్లారుజామున లేచి సాధన చేస్తున్నాను. పై షడ్జం మొదట్లో పిల్లి అరిచినట్టు వచ్చేది, ఇప్పుడు నిలుస్తోంది. "ఎవరమ్మా మీ ఇంట్లో పాడేది?" అని పక్కింటి కులకర్ణి వదిన అడిగింది. నేనే అంటే నమ్మలేదు.

రాజీనామా చించి పారెయ్. ఆ పోతనీస్ చేత బీరువాలో ఇంకో అర ఖాళీ చేయించు. పెట్టె మీద నా పేరు, పెళ్లికి ముందు కచేరీల్లో పిలిచిన పేరు, నీ చేత్తో రాయి. బుధవారం పొద్దుటి బండికి వస్తున్నాం, నా పాట రికార్డు చేద్దువుగాని. మీ బాబా శిష్యుడిలా నా వెనకాల కూర్చుని తంబుర మీటుతారట. ఆయన నోరు ఊరుకోదు, మధ్యలో దిద్దబోతారు. దిద్దనీ. ఆ ముక్క ఉంచాలో కొయ్యాలో నేను చెప్తాను.

ఐదున్నర శ్రుతిలో ఆశీర్వదిస్తూ,
నీ ఆయీ,
చంపూతాయి మణేరీకర్