మేళం లేని గుర్రాలు

భోగాపురం

అప్పలనరసింహం గారికి,

నమస్కారాలు. మా సంస్థ పేరు ఏకాంత యాత్రలు. నగరాల రొదతో విసిగిపోయినవాళ్ళని నాలుగు రోజులపాటు గుర్రాల మీద మన కొండల వైపు తీసుకెళ్ళాలని మా ఆలోచన. బొబ్బిలి నుంచి బయలుదేరి, మక్కువ మీదుగా, పశువులు మేసే బీళ్ళ వెంట కొండల అంచు దాకా వెళ్ళాలి. రోజుకో ఊళ్ళో బస. మీ దగ్గర ఐదు మంచి గుర్రాలున్నాయని విన్నాం. మొదటి యాత్రలో మా యజమాని ప్రద్యుమ్న గారే ముందు గుర్రం ఎక్కుతారు. ఆయనకు నచ్చితే ఇక ఏడాది పొడవునా మీ గుర్రాలకు పనే.

మీ నంబరుకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఎవరో "గుర్రాల్లేవు. కారొస్తాది, కావాలేటి?" అని అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
సంహిత,
యాత్రల నిర్వాహకురాలు

తా.క.: వచ్చేవాళ్ళు ప్రశాంతత కోరి వస్తున్నారు. దయచేసి ఎలాంటి హడావుడీ వద్దు.


బొబ్బిలి పక్క పల్లె

భోగాపురంలో ఫ్యాను కింద కూర్చున్న సంహితమ్మకు, ఇక్కడ గుర్రాల పక్కన నిల్చున్న అప్పలనరసింహం దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. కరెంటు బిల్లు తప్ప మా ఇంటికి కాగితం వచ్చి చాలా కాలమైంది. అందుకని నా భార్య చూడామణి ముందు దానికి బొట్టు పెట్టి, ఆ తర్వాత నా చేతికిచ్చింది.

నా ఫోన్ పట్టుకుని జవాబు చెబుతున్న పెద్దమనిషి మా అల్లుడు గోపి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో పైకప్పు లేని కార్లూ డీజేలూ వచ్చాక గుర్రాన్ని అడిగేవాడు లేడు. గుర్రాలు అమ్మేసి కారు కొందామని వాడి పట్టు. కొనేవాణ్ణి కూడా వాడే చూశాడు. నెలాఖరుకు వచ్చి తోలుకుపోతాడట. వాటిలో గౌరి అనే తెల్లగుర్రం మా అమ్మాయి శ్రావణి పెళ్ళికి ఈ గోపిగాణ్ణి మోసుకొచ్చిందే! "ఆ రోజే ఈణ్ణి కింద పడీమని దానికి సెప్పాల్సింది" అంటుంది చూడామణి. వాటిని అమ్ముకుని నేను బతకలేనమ్మా. నువ్వు దేవుడిలా రాశావు.

కొన్ని సందేహాలున్నాయి. పెళ్ళికొడుకు ప్రద్యుమ్న గారని అర్థమైంది. పెళ్ళికూతురిది ఏ ఊరో రాయలేదు. నాలుగు రోజుల ప్రయాణమంటే ఒడిశా సంబంధం అయ్యుంటుందని మా ఆవిడ అనుమానం. ముహూర్తం ఎప్పుడో చెబితే దాన్నిబట్టి నడిపిస్తాను. మేళానికి వెతుక్కోవద్దు. సన్నాయి కూర్మయ్య నా గుర్రం లేకుండా ఏ ఊరేగింపులోనూ నడవలేదు.

ఉంటాను మరి,
అప్పలనరసింహం

తా.క.: హడావుడి వద్దన్నావు కాబట్టి బాణాసంచా మానేద్దాం.


భోగాపురం

అప్పలనరసింహం గారికి,

నమస్కారాలు. ఇది పెళ్ళి కాదండీ. ప్రద్యుమ్న గారికి పెళ్ళి కాలేదు, ఆ మాట మా ఆఫీసులో ఎవరం ఎత్తం కూడా. ఆయన, ఇంకో పెద్దాయన, ముగ్గురు ఆడవాళ్ళు కేవలం కొండలు చూడ్డానికి వస్తున్నారు. కాబట్టి మేళం వద్దు. సన్నాయి వద్దు. దారిలో బొట్లూ హారతులూ వద్దు. మా ప్రకటన మొత్తం నిశ్శబ్దం మీదే నిలబడింది. కూర్మయ్య గారు ఏమీ అనుకోకూడదు.

మీ గుర్రాల సంగతి చదివి నాకు మనసు చివుక్కుమంది. యాత్ర బాగా జరిగితే నెలాఖరులోపే ఏడాదికి ఒప్పందం రాయిస్తాను. అది నా పూచీ.

ఇట్లు,
సంహిత

తా.క.: ఐదు హెల్మెట్లు పంపుతున్నాను. అందరూ పెట్టుకుని తీరాలి.


బొబ్బిలి పక్క పల్లె

పూచీ పడ్డ సంహితమ్మకు దీవెనలు.

కొండలు చూడ్డానికి గుర్రమెందుకో నాకైతే బోధపడలేదు. అవి ఉన్నచోటే ఉంటాయి కదా, బస్సులో వెళ్ళినా కనబడతాయి. అయినా నీ మాటే నా మాట. మేళం ఆపించాను. కూర్మయ్య అలిగి, సన్నాయి సంచీలో పెట్టుకుని అత్తారింటికి పోయాడు.

ముందుగా రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, నా గుర్రాలకు తలమీద కుచ్చు, మెడలో గజ్జెలు, వీపున జరీ గుడ్డ లేకపోతే అడుగు పడదు. సాదాగా తోలబోతే గౌరి గోడవైపు తిరిగి నిల్చుంది. రెండోది, గుమ్మంలో ఆడమనిషి పళ్ళెం పట్టుకుని నిల్చుంటే అవి ఆగిపోతాయి. హారతిచ్చి, కాళ్ళమీద నీళ్ళు పోసి, బెల్లంముక్క నోట్లో పెట్టేదాకా కదలవు. ఇన్నేళ్ళూ వాటికి అదే ఉద్యోగం. పళ్ళేనికీ చేటకీ వాటికి తేడా తెలియదు. కొండలవైపు ఇళ్ళు తక్కువే కాబట్టి పర్వాలేదనుకుంటాను.

ఉంటాను,
అప్పలనరసింహం

తా.క.: హెల్మెట్లు అందాయి. నాలుగే పనికొస్తాయి. ఐదోదాంట్లో మా కోడి పొదుగుతోంది, ఇప్పుడు లేపకూడదు. ప్రద్యుమ్న గారికి నా ఎర్ర తలపాగా చుడతాను.


భోగాపురం

అప్పలనరసింహం గారికి,

ఏం జరిగిందండీ? ప్రద్యుమ్న గారు మూడో రోజునే సాలూరు నుంచి లారీ ఎక్కి వచ్చేశారు. చొక్కా నిండా కుంకుమ. జేబునిండా ఎవరెవరివో అమ్మాయిల ఫోటోలు. ఎవరో ముసలావిడ తన్ను పట్టుకుని ఏడ్చిందనీ, ఊరంతా తనకు పిల్లనిస్తామని వెంటపడ్డారనీ అంటున్నారు. ఏకాంతం కోసం వెళ్తే బాత్రూముకు కూడా నలుగురు తోడొచ్చారట.

నాకు నాలుగు పేజీల ఫిర్యాదు రాసిచ్చారు. అందులో మూడు పేజీలు ఎవరో ఒక అమ్మాయి తనను చూసి నవ్విందన్న దాని గురించే. మీరు ఊళ్ళవాళ్ళకి ఏం చెప్పారు? మీకోసం నేను పూచీ పడ్డాను కదా! చాలా బాధగా ఉంది.

సంహిత

తా.క.: మిగతా నలుగురు అతిథులు ఏరి?


బొబ్బిలి పక్క పల్లె

కోపంగా ఉన్న సంహితమ్మకు, తప్పు తెలియని అప్పలనరసింహం రాస్తున్నది.

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆనక నువ్వే తీర్పు చెప్పు. మొదటి రోజు దారిలో ఇళ్ళే లేవు. ప్రయాణం నల్లేరు మీద బండిలా సాగింది. రెండో రోజు పొద్దున్నే ఒక ఊళ్ళోకి దిగాం. ముందు గౌరి మీద ఎర్ర తలపాగాతో మీ ప్రద్యుమ్న గారు. మొదటి గుమ్మంలో లక్ష్మణమ్మ అనే ముసలావిడ ఉలవల చేట పట్టుకుని నిల్చుంది. గౌరి ఆగింది. వెనక నాలుగూ ఆగాయి. ఆవిడ జరీ గుడ్డను చూసింది, తలపాగాను చూసింది, మా వెనక్కి తొంగి చూసింది.

"మేలమేదిరా?" అంది నాతో.

"లేదమ్మా" అన్నాను.

"పెల్లికూతురేది?"

"లేదమ్మా."

"మరెటు ఎల్తన్నారు?"

ఈసారి మీ ప్రద్యుమ్న గారే జవాబిచ్చారు. "ఎక్కడికీ లేదండీ. అందరికీ దూరంగా, అలా కొండల్లోకి. కొంచెం ప్రశాంతత కోసం" అన్నారు.

అంతే. ముసలావిడ చేట కింద పడేసి ఏడుపందుకుంది. "ఒరే, రండ్రా! పీటల మీద పెల్లాగిపోనాదంట! సన్నాసుల్లో కలిసిపోడానికి కొండల్లోకి ఎలిపోతన్నాడు, పట్టుకోండ్రా!"

మా వైపు మేళం లేకుండా పెళ్ళిగుర్రం కదిలిందంటే దానికి ఒకటే అర్థమమ్మా, పెళ్ళి చెడిందని. అలాంటివాణ్ణి అన్నం పెట్టకుండా, ఒక పిల్లనైనా చూపించకుండా పొలిమేర దాటనిస్తే ఊరికే తలవంపులు. కూర్మయ్య సన్నాయి ఒక్కటి మోగుంటే, ఎవరో పెళ్ళివారు పోతున్నారని చూసి ఊరుకునేవాళ్ళు. మేళం వద్దన్నది నువ్వు. ఎత్తి పొడవడం లేదు, గుర్తు చేస్తున్నాను.

నిజం చెప్పకపోలేదు. "ఇది పెళ్ళి కాదు, సెలవులకొచ్చారు" అని గొంతు చించుకున్నాను. "మరే, పరువు కోసం అలాగే సెప్తారు" అని నన్ను ఓదార్చారు. ముగ్గురు ఆడవాళ్ళను చూసి, "తమ్ముడి కోసం ఆడపడుసులు గుర్రాలెక్కి వచ్చీసినారు, ఏటి ప్రేమ!" అని వాళ్ళను కూడా కౌగిలించుకుని ఏడ్చారు.

నవ్విన పిల్ల లక్ష్మణమ్మ గారి మనవరాలు అరుణశ్రీ. సాలూరులో లారీల ఆఫీసు నడుపుతుంది. ఊరంతా ఏడుస్తుంటే అది ఒక్కతీ గుమ్మం పట్టుకుని నవ్వి, "ఏటండీ, మీకు నిజంగానే పెల్లి తప్పిపోనాదా, గుర్రం దిగడం రాక అలా కూకున్నారా?" అంది. ఆయన మొహం తలపాగా రంగుకొచ్చింది. నిజానికి దిగడం రాకనే కూర్చున్నారు పాపం. మర్నాడు లారీ ఎక్కించిందీ ఆ పిల్లే.

ఇదమ్మా నా నేరం. గుర్రాలు ఏ తప్పూ చేయలేదు. నెలాఖరు దగ్గరికొచ్చింది. ఒప్పందం సంగతి నీ నోట వినాలని ఎదురుచూస్తున్నాను.

అప్పలనరసింహం

తా.క.: మిగతావాళ్ళు క్షేమం. ముగ్గురు ఆడపడుచులూ లక్ష్మణమ్మ గారింట్లో అరిసెలు తింటూ, తమ్ముడికి సంబంధం కుదిరేదాకా కదిలేది లేదంటున్నారు. నాలుగో మనిషి, ఆ పెద్దాయన, వాళ్ళ తరఫున కట్నకానుకలు మాట్లాడుతున్నాడు.


భోగాపురం

బాబాయి గారికి,

ఇలా పిలవడానికి ఇప్పుడు నాకు అర్హత లేదేమో. గుర్రాల యాత్ర రద్దయింది. మీ ఉత్తరం తీసుకెళ్ళి ప్రద్యుమ్న గారి ముందు పెట్టి, తప్పు మీది కాదు, మేళం వద్దన్న నాది అని చెప్పాను. వినలేదు. ఇక మీదట ఆఫీసులో గుర్రం బొమ్మ కూడా కనబడకూడదట. మీకు మాటిచ్చి తప్పాను. నెలాఖరున మీ వాకిట్లో ఏం జరుగుతుందో తలుచుకుంటే అన్నం సహించడం లేదు. నన్ను క్షమించండి. పిన్ని గారికి నమస్కారాలు.

సంహిత

తా.క.: ఒక విచిత్రం. మా సంస్థకు లారీలతో పని లేదు. అయినా ప్రద్యుమ్న గారు రెండు రోజులకోసారి సాలూరు వెళ్ళి లారీల ధరలు కనుక్కుని వస్తున్నారు.


బొబ్బిలి పక్క పల్లె

బాబాయి అని పిలిచిన సంహితమ్మకు, నీ పిన్నీ నేనూ దీవించి రాస్తున్నది.

అన్నం తినమ్మా. నెలాఖరున కొనేవాడు వచ్చాడు. నేను గౌరి మెడ పట్టుకుని కూర్చున్నాను, సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా. చూడామణి గేటుకు అడ్డంగా నిల్చుని గోపిని తిడుతోంది. అదే వేళకు పార్వతీపురం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "నరసింహం, మొన్న నీ గుర్రం మీద ఎల్లినాయనకి ఒక్క పూటలో అన్ని సంబంధాలు వచ్చినాయంట. మావోడికి ముప్పయ్యారు. పొలం దున్నుతాడంటే ఏ పిల్లా సూడ్డం లేదు. ఓ మూడు రోజులు ఆణ్ణి ఎక్కించి తిప్పరా" అని నా చేతులు పట్టుకున్నాడు.

ఆ రైతు వెనక ఇంకొకడు. సాయంత్రానికి వాకిట్లో చెప్పులు పెట్టుకోడానికి చోటు లేదు. వరి పండించేవాళ్ళు, మామిడితోటల వాళ్ళు, ఒక లెక్చరరు, ఇద్దరు లారీ యజమానులు. పెళ్ళీడు దాటిపోతున్న మగపిల్లలు ఈ జిల్లాల్లో ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు తల్లీ! అయ్యో పాపం అనిపిస్తే తప్ప ఆడపిల్లవాళ్ళు తలుపు తీయడం లేదట. కొనేవాడు కాసేపు అందర్నీ చూసి, నన్ను పక్కకు పిలిచి, తన తమ్ముడికి ఒక గుర్రం రాయించుకుని వెళ్ళిపోయాడు. గోపి ఇప్పుడు ఫోన్లో, "ఊల్లు మీరు సెప్తారా, మమ్మల్ని ఎంచమంటారా?" అని తేనె ఒలికిస్తున్నాడు.

ఎవరికీ అబద్ధం చెప్పను. మాది విహారయాత్ర అనే చెబుతాను. ఎవరూ నమ్మరు, అది నా తప్పు కాదు. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టాను, మేళం ఉండకూడదని. అలక తీరి తిరిగొచ్చిన కూర్మయ్య సన్నాయి ఊదడు కానీ ఊరికి ముందే వెళ్ళి, "పాపం, మంచి కుర్రోడు" అని చెప్పి వస్తాడు.

ఉంటాను, పని ఎక్కువగా ఉంది,
అప్పలనరసింహం

తా.క.: నిన్న విజయనగరం నుంచి కుసుమకుమారి గారని ఒకావిడ వచ్చి కొడుక్కి గుర్రం రాయించారు. "మా వాడు ఇదివరకోసారి ఎక్కి మధ్యలో దిగిపోయాడు, ఈసారి కాళ్ళు కట్టేయండి" అన్నారు. పేరు అడిగితే ప్రద్యుమ్న అన్నారు. మీ ప్రద్యుమ్న గారేనా?


భోగాపురం

బాబాయి గారికి, పిన్ని గారికి,

అవును, ఆయనే. ఆవిడ రాయించిన గుర్రం వెంటనే ఇంకొకరికి ఇచ్చేయండి, అవసరం తీరిపోయింది. ప్రద్యుమ్న గారికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు అరుణశ్రీ గారు. లారీల ధరలన్నీ కనుక్కోవడం అయ్యాక వేరే ఏం అడగాలో తోచక, ఆ మాట అడిగేశారట. ఆవిడ మళ్ళీ నవ్వారట. ఈసారి ఫిర్యాదు రాయలేదు.

మీ గుర్రాలు నిలిచాయని చదివిన రోజు నేను ఆఫీసులోనే పైకి నవ్వాను. ఎంత సంతోషమో చెప్పలేను. ఆ సంతోషంలోనే పెళ్ళి ఊరేగింపుకు గౌరిని పిలుద్దామని నేనే అడిగాను. పెళ్ళికూతురు ఒప్పుకోలేదు. ఆవిడ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, మీరు నొచ్చుకోవద్దు. "ఆ గుర్రం ఊల్లో ప్రతీ గుమ్మంకాడా ఆగుతాది. ఆగిన సోటల్లా ఈయన్ని సూసి అయ్యో పాపమని పిల్లనిత్తామంతారు. ఈయన మొహం అలాంటిది, నాకు తెలుసు. గుర్రమొస్తే నాను రాను."

మీరిద్దరూ మాత్రం తప్పకుండా రావాలి.

మీ
సంహిత

తా.క.: ప్రద్యుమ్న గారు ఊరేగింపుకు నడిచే వస్తారట. కూర్మయ్య గారి సన్నాయితోపాటు రెండు జిల్లాల్లో ఎన్ని మేళాలుంటే అన్నీ కావాలన్నారు. ఒక్క ఇంట్లో కూడా ఎవరూ ఏడవకూడదట.